దుప్పటి కాగితం

పోయిన వారం మనం అచ్చుతప్పక్కని యూనివర్సిటీ మెట్ల మీద, చంకలో థీసిస్ కట్టతో, చేతిలో ఎనభై ఏడో పేజీతో, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వచ్చేశాం. ఒక మనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం మర్యాద కాదు గానీ, ఏం చేస్తాం, పత్రిక వారానికి ఒక్కసారే వస్తుంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. మందు సీసా మీద చీటీలో తప్పు కనిపించినా పెన్ను తియ్యకుండా ఉండలేదని, క్లాసులో తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు ఆ పేరు పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూ, రెండుసార్లు గడువు పొడిగించుకుంటూ, ఐదేళ్ళుగా ఎం.ఏ. థీసిస్ రాస్తోంది. విషయం, పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పనిలో వాడుకునే మాటలు. ఆ థీసిస్ శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా ఆఫీసులో అందాలి. అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, మూడో పొడిగింపు లేదు. అందితే ప్రెస్సులో ప్రూఫుల బల్ల మీంచి లేచి ఎడిటర్ల గదిలో కూర్చోవచ్చు. పన్నెండేళ్ళుగా ఆ గది తలుపు మీద అద్దంలోంచి లోపలికి చూస్తూనే ఉంది పాపం.

సోమవారం ఆఫీసులో స్కేలు మేడం ఆ కట్టని వెనక్కి తోసేసింది. ఆవిడ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. స్టీలు స్కేలు పెట్టి ప్రతి పేజీకీ మార్జిను కొలుస్తుంది. ఎడమ పక్క ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి. ఎనభై ఏడో పేజీలో ముప్ఫై ఆరే ఉంది. దాంతోపాటు ఆరో నంబరు ఫారం ఒకటి తక్కువైంది.

"మీకు ఎదురుగా కూర్చుని మాటలు చెప్పిన ప్రతి మనిషీ ఈ ఫారం మీద సంతకం పెట్టాలి. పదకొండు మందివి ఉన్నాయి. ఒకటో నంబరు మనిషిది లేదు," అంది స్కేలు మేడం.

"ఆయన మా నాన్నే మేడం. ఇంట్లోనే ఉంటారు."

"మనుషులు ఇంట్లో ఉంటే సరిపోదమ్మా. సంతకం ఫారంలో ఉండాలి."

ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా పెట్టించుకోవచ్చులే అని అచ్చుతప్పక్క ఆ ఒక్క సంతకాన్నీ ఐదేళ్ళు వాయిదా వేసింది. ఊరందరి తప్పులూ పట్టే మనిషి చేసిన తప్పు అది.

అలా బుధవారం పొద్దున, బైండు చేయించడానికి కొత్తగా అచ్చు వేయించిన ఎనభై ఏడో పేజీ, సంతకం లేని ఫారం పట్టుకుని ఆవిడ నాన్న బైండింగు దుకాణానికి వెళ్ళింది.

దుకాణం అంటే పెద్దదేం కాదు. ఇంటి ముందు గదే. కిటికీ కింద కోతమర, గోడ వారగా అట్టల దొంతర, మధ్యలో నాన్న పనిచేసుకునే బల్ల. ఆ బల్ల అంచు మీద నలభై ఏళ్ళ కత్తి గాట్లు ఉన్నాయి. నాన్న స్టవ్వు మీద మైదా జిగురు కలుపుతున్నాడు. జిగురు కలిపేటప్పుడు ఆయన్ని పలకరించకూడదు, ఉండ కడుతుంది. ఆ సంగతి ఆమెకి అక్షరాలు రాకముందే తెలుసు. అందుకని స్టూలు లాక్కుని కూర్చుంది.

ఈ ఇంట్లో ఇద్దరే. ఆమెకి ఆరేళ్ళప్పుడు అమ్మ ఒక పొద్దున సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో, ఎక్కడికి వెళ్ళిందో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. పదేళ్ళప్పుడు ఒకసారి మాత్రం, "అమ్మ ఎక్కడుంది నాన్నా?" అని అడిగింది. ఆయన కత్తి ఆపకుండానే "తెలీదమ్మా" అన్నాడు. అప్పటి నుంచీ ఆమె మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. ఆయనా ఎత్తనివ్వలేదు.

జిగురు దించాక నాన్న చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఫారం తీసుకున్నాడు.

"చదవక్కర్లేదు నాన్నా. కింద సంతకం పెట్టు చాలు."

"చదవకుండా సంతకం పెట్టమని ప్రూఫులు దిద్దే మనిషి చెప్పొచ్చా?"

ఆమె స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

ఫారం పైన ఒక్కటే వాక్యం ఉంది. 'ఈ కింద రాసిన మాటలు మా వృత్తిలో వాడుకలో ఉన్నవేనని, నేను స్వయంగా వాడినవేనని ధ్రువీకరిస్తున్నాను.' దాని కింద ఆయన చెప్పిన మాటలు, మొత్తం యాభై మూడు. నాన్న చెవి మీంచి పెన్సిలు తీసి, ఒక్కో మాట పక్కనా చిన్న టిక్కు పెట్టుకుంటూ కిందికి దిగాడు. రెండో పేజీకి వచ్చాక పెన్సిలు ఆగింది. ఒక మాట మీద గీత కొట్టాడు. తర్వాత ఇంకోటి. ఇంకోటి.

"నాన్నా, ఏంటలా కొట్టేస్తున్నావ్?"

"ఇవి మా పనిలో మాటలు కావు బుజ్జీ."

ఆమె లేచి ఆయన భుజం మీంచి వంగి చూసింది. ఎనిమిది మాటలు కొట్టేసి ఉన్నాయి. జోలదారం. నిద్రబల్ల. ఆవలింత. అన్నిటికంటే కింద, దుప్పటి కాగితం.

థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆ ఎనిమిది మాటల మీదే నడుస్తుంది. మడతపెట్టిన పేజీల కట్టల్ని, బైండింగువాళ్ళు ఫారాలనే వాటిని, ఒకదానికొకటి కలిపి కుట్టే దారం జోలదారం. కుట్టిన పుస్తకాన్ని బరువు కింద పెట్టే బల్ల నిద్రబల్ల. బాగా చదివిన పుస్తకం ఏ పేజీ దగ్గర దానంతటది తెరుచుకుంటుందో ఆ చోటు ఆవలింత. అట్టకీ మొదటి పేజీకీ మధ్య అతికించే తెల్ల కాగితం దుప్పటి కాగితం. బైండింగు చేసేవాళ్ళు పుస్తకాన్ని నిద్రపోయే మనిషిలా చూస్తారని, వాళ్ళ మాటలే అందుకు సాక్ష్యమని ముప్ఫై నాలుగు పేజీలు రాసింది. ఆ అధ్యాయం చదివి గైడు గారు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చారు. ఆయన అంతకుముందు ఏ విద్యార్థికోసమూ లేవలేదని డిపార్టుమెంటులో చెప్పుకున్నారు.

"మరి చిన్నప్పటి నుంచీ నువ్వు అనేవాడివి కదా! నా చెవులతో విన్నాను."

"అన్నాను. నీతో అన్నాను." నాన్న కళ్ళజోడు తీశాడు. "మధ్యాహ్నం పూట నువ్వు పడుకునేదానివి కాదు. కోతమర చప్పుడుకి లేచి కూచునేదానివి. ఆ కత్తిరించిన కాగితం ముక్కల మీద నిన్ను పడుకోబెట్టి, ఇదిగో చూడు, పుస్తకం కూడా పడుకుంటోంది, దీనికి జోలదారం, ఇది నిద్రబల్ల అని ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. నువ్వు ఆవలిస్తే పుస్తకమూ ఆవలించిందనేవాళ్ళం. నిద్రపుచ్చడానికి పుట్టించినవమ్మా అవి. పనిలో ఎవడంటాడు? 'ఆ తెల్లకాగితం ఇటు పడెయ్' అంటాం, అంతే."

"నేను పుస్తకం రాస్తున్నానని తెలుసు కదా. ఐదేళ్ళలో ఒక్కసారైనా చెప్పొద్దా?"

"నువ్వు నన్ను అడిగావా? ఫలానా దాన్ని ఏమంటారు అని మిగతా అందరినీ అడిగావు. నా దగ్గరికి వచ్చేసరికి నువ్వే రాసుకుని వచ్చి, అంతే కదా నాన్నా అన్నావు. నువ్వు అంత ముచ్చటగా చెబుతుంటే అంతేనమ్మా అన్నాను. ఇప్పుడంటే ధ్రువీకరిస్తున్నాను అని రాసుంది. అబద్ధానికి ఎలా సంతకం పెట్టను?"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ అది రాలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఉయ్యాల కబుర్లు పట్టుకుని పరిశోధన అనుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కింద ఎక్కడో, తనకోసం ఇద్దరు మనుషులు కూర్చుని మాటలు పుట్టించారన్న సంతోషం కూడా ఉంది. అది ఒప్పుకోవడానికి ఆ పూట ఆమెకి తీరిక లేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

"నాన్నా, దుప్పటి కాగితం మాత్రం కొట్టెయ్యకు. ఆ మాట నువ్వొక్కడివే కాదు, పద్నాలుగో నంబరు కూడా చెప్పింది."

ఇక్కడ ఒక ఏర్పాటు చెప్పాలి. బయటి ఊళ్ళలో బైండింగు షాపులకి ఆమె ప్రశ్నల పత్రాలు పోస్టులో పంపింది. ముప్ఫై షాపుల అడ్రసులు నాన్నే తన పాత డైరీ ముందేసుకుని రాసిచ్చాడు. జవాబులు మాత్రం ఆమెకి రావు, తిన్నగా యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్తాయి. జవాబిచ్చినవాళ్ళ పేరు పరిశోధకురాలికి తెలియకూడదని నియమం. ఆఫీసులో వచ్చిన వరుసలో నంబరు వేసి, జవాబులు టైపు చేసి ఆమెకి ఇస్తారు. అసలు కాగితం, సంతకం చేసిన అంగీకార పత్రం వచ్చిన కవరులోనే పెట్టి, సీలు వేసి స్కేలు మేడం బీరువాలో దాస్తారు. ఇరవై రెండు కవర్లు తిరిగొచ్చాయి. అందులో పద్నాలుగోది ఎవరో, ఏ ఊరో ఆమెకి తెలీదు. ఆ తెల్ల కాగితాన్ని ఏమంటారన్న ప్రశ్నకి అందులో వచ్చిన జవాబు మాత్రం కంఠతా వచ్చు. 'దుప్పటి కాగితం అంటాను. పుస్తకానికి చలేస్తుంది కదా.' మూడో అధ్యాయం మొదట్లో ఆ రెండు వాక్యాలే పెట్టుకుంది. రెండు ఊళ్ళలో ఒకే మాట ఉంటే అది వృత్తిపదమే, మిగతా ఏడూ దాని చుట్టాలే అని గైడు గారు ధైర్యం చెప్పింది కూడా ఆ జవాబు చూసే.

నాన్న ఆ రెండు వాక్యాలూ విన్నాడు. లేచి వెళ్ళి, దించేసిన జిగురుని మళ్ళీ కలపడం మొదలెట్టాడు.

"నాన్నా, ఈ మాట మనింట్లో పుట్టిందంటున్నావు. మరి ఎవరో ఎక్కడో ఉన్నవాళ్ళకి ఎలా తెలిసింది?"

"మిగతావి నేనూ అన్నాను, ఆవిడా అంది. ఏది ఎవరిదో ఇప్పుడు చెప్పలేను. దుప్పటి మాత్రం మీ అమ్మది. నువ్వు చలేస్తోందంటే, పుస్తకానికీ చలేస్తోందనేది." గరిట తిరుగుతూనే ఉంది. "ఫారాలు ఆవిడే కుట్టేది కదా. నేను అట్టలు వేసేవాణ్ణి."

"అంటే ఆ మాట తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. నువ్వు, నేను..."

"ఆ ఎనభై ఏడో పేజీ ఇలా ఇచ్చి వెళ్ళు. జిగురు చల్లారిపోతోంది," అన్నాడు నాన్న.

జిగురు అప్పటికే ఉండ కట్టింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఆయన చేతిలో జిగురు ఉండ కట్టడం అదే మొదటిసారి.

గురువారం పదింటికి గైడు గారి గదికి వెళ్ళింది. ఆయన ఆమె కంటే ఆరేళ్ళు చిన్న. గురువుగారిననే సంగతి మర్చిపోయి అప్పుడప్పుడు "అక్కయ్యగారూ" అనేస్తాడు. ఏం చెప్పినా "చూద్దాం" అంటాడు కాబట్టి పిల్లలందరికీ ఆయన చూద్దాం సార్. ఆ రోజు ఆమె చెప్పిందంతా విన్నాక ఆ మాట అనలేదు. దాంతో ఆమెకి భయం వేసింది.

"మూడో అధ్యాయం తీసెయ్యండి," అన్నాడు.

"మొత్తమా?"

"మొత్తం. మీ థీసిస్ నూట ముప్ఫై ఒక్క పేజీలు. ముప్ఫై నాలుగు పోతే తొంభై ఏడు. కనీసం ఎనభై ఉంటే చాలు. మిగతా నలభై ఐదు మాటలూ గట్టివి, నలుగురేసి చెప్పినవి. విషయసూచిక మార్చండి, పేజీ నంబర్లు మార్చండి. శీర్షిక మారదు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను ఇప్పుడే సర్టిఫికెట్ పేజీలు ఐదింటి మీదా సంతకం పెట్టిస్తాను. అంటే, పెడతాను." ఆయన కూడా కంగారులో ఉన్నాడు.

"ఆ పద్నాలుగో కవరు?"

గైడు గారు పెన్ను మూత పెట్టాడు, తీశాడు.

"రేపు ఇచ్చే ఆఖరి ఫారంలో పదకొండో ప్రశ్న ఉంటుంది. సేకరించిన సమాచారం మీద మీకేమైనా సందేహం ఉందా అని. లేదు అంటే థీసిస్ తీసుకుంటారు. కవర్లన్నీ సోమవారం ముక్కలు కోసే మిషన్లో వేసేస్తారు. పేర్లు ఎప్పటికీ బయట పడకూడదని అదొక నియమం. ఉంది అంటే కమిటీ కూర్చుని కవరు విప్పి చూస్తుంది. కానీ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. అందాకా థీసిస్ తీసుకోరు. మీ గడువు రేపటితో సరి. మీకు మళ్ళీ టైమివ్వాలా వద్దా అన్నది వాళ్ళ దయ. ఇవ్వకపోతే ఐదేళ్ళు నీళ్ళపాలు."

"ఆ కవరులో ఉన్నది మా అమ్మేమో సార్."

పక్క గదిలో ఎవరో పిల్లలకి వ్యాకరణం చెబుతున్నారు.

"అక్కయ్యగారూ, కాకపోతే? ఆవిడ దగ్గర పని నేర్చుకున్న ఎవరో అయితే? ఒక్క 'ఏమో' కోసం పట్టా వదులుకుంటారా? తీసెయ్యండి. రేపు ఇచ్చెయ్యండి. ఆ తర్వాత తీరిగ్గా ముప్ఫై షాపులకీ ఉత్తరాలు రాసుకుందురు గాని, నేనే కూర్చుని రాయిస్తాను."

ఆ సలహాలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆమె తలూపింది. మధ్యాహ్నానికి ప్రెస్సులో కూర్చుని మూడో అధ్యాయం తీసేసింది. విషయసూచిక దిద్దింది. నాలుగో అధ్యాయాన్ని మూడు చేసింది. సోమవారం నుంచీ ప్రాణాలు తోడేసిన ఎనభై ఏడో పేజీ కూడా ఆ అధ్యాయంలోదే, ఇప్పుడది థీసిస్‌లోనే లేదు. సాయంత్రం ఐదు ప్రతులూ నాన్నకి ఇచ్చి, నలభై ఐదు మాటలకి కొత్త ఫారం రాసి సంతకం పెట్టించుకుంది. ఆయన ఈసారి కూడా మొత్తం చదివాకే పెట్టాడు.

"తీసేశావా?" అన్నాడు.

"తీసేశాను."

"మంచి పని చేశావు," అన్నాడు గానీ, ఆ గొంతులో మంచి పని చూసిన సంతోషం లేదు. "అట్టలు ఆరడానికి రేపు మధ్యాహ్నం అవుతుంది. నువ్వు ముందెళ్ళు, నేను తెస్తాను."

శుక్రవారం మూడుంపావుకి నాన్న ఆఫీసు వరండాలోకి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఐదు ప్రతులూ పాత న్యూసుపేపర్లో చుట్టి, బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చాడు. ముదురు నీలం అట్ట, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు. ఆమె ఒక ప్రతి తెరిచి చూసింది. అట్ట తర్వాత తెల్ల కాగితం ఒకటి ఉండాల్సిన చోట రెండు ఉన్నాయి.

"రెండెందుకు నాన్నా?"

"ఊరికే. కాగితం మిగిలింది," అన్నాడు, ఎటో చూస్తూ.

ఆయన్ని గుమ్మం పక్కన బల్ల మీద కూర్చోబెట్టి ఆమె లోపలికి వెళ్ళింది. ఆఫీసు గదిలో ఒకటే ఫ్యాను, ఒకటే బీరువా, నాలుగు టేబుళ్ళ నిండా కట్టలు. వాటి మధ్యలో స్కేలు మేడం. గుమ్మానికీ టేబులుకీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు, బయట కూర్చున్నవాళ్ళకి లోపలి మాటలన్నీ వినిపిస్తాయి.

మేడం తొందరపడే మనిషి కాదు. ప్రతి ప్రతిలోనూ అక్కడక్కడా పేజీలు తీసి స్కేలు ఆనించింది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిది. వెన్ను మీద వేలితో నిమిరి చూసింది.

"ఎవరు చేశారు బైండింగు?"

"మా నాన్న."

"బాగుంది," అంది మేడం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళు తక్కువ. "ఈ తెల్ల కాగితాలు రెండు లెక్కలోకి రావు. పేజీలు తొంభై ఏడు. గైడు సంతకం ఉంది. ఆరో నంబరు ఫారాలు పన్నెండూ ఉన్నాయి. ఇక ఇదొక్కటే."

ఆఖరి ఫారం ముందుకు జరిపింది. పదకొండు ప్రశ్నలు. పక్కన 'ఉంది', 'లేదు' అని రెండేసి గళ్ళు. మొదటి పదింటికీ అచ్చుతప్పక్క గబగబా టిక్కులు పెట్టేసింది. పదకొండో దాని దగ్గర పెన్ను నిలబడిపోయింది.

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. మేడం వెనక బీరువా ఉంది. ఆ ఇనప తలుపుకి ఇవతల ఎడిటర్ల గది, అందులో కుర్చీ, పేరు పక్కన ఎం.ఏ. అవతల ఒక కవరు. సోమవారం తర్వాత అది ఉండదు.

"లేదు అని పెట్టండి. అందరూ అదే పెడతారు. నేను వచ్చాక ఇంతవరకూ ఒక్కరూ ఉంది అని పెట్టలేదు," అంది మేడం, నెమ్మదిగానే.

ఆమె పెన్ను 'లేదు' గడి దాకా వెళ్ళింది. పన్నెండేళ్ళుగా ఆమె చేసే పని ఒక్కటే. తప్పని తెలిస్తే దిద్దుతుంది. తప్పో ఒప్పో తేలకపోతే పక్కన మార్జిన్లో ప్రశ్నార్థకం పెడుతుంది. ప్రశ్నార్థకం పెట్టకుండా పేజీ తిప్పడం ఆమెకి చేతకాదు. ఒకే ఒక్కసారి అలా తిప్పేసింది, పదేళ్ళప్పుడు, నాన్న "తెలీదమ్మా" అన్నప్పుడు.

'ఉంది' గడిలో టిక్కు పెట్టింది.

మేడం ఆ టిక్కుని చూసింది. చేతిలో స్కేలు టేబులు మీద పెట్టింది. స్కేలు లేకుండా ఆవిడ చెయ్యి ఎంత మామూలు చెయ్యో అప్పుడే తెలిసింది.

"ఏ నంబరు?"

"పద్నాలుగు."

"తెలిసే పెట్టారా?"

"తెలిసే పెట్టాను మేడం. థీసిస్ బాగుంది. దాన్ని ఇక్కడ పెట్టి వెళ్ళాలనే ఉంది. కానీ ఆ కవరు మిషన్లో పడుతుందని తెలిసీ వెళ్ళిపోతే, నేనింక ఏ పేజీ దిద్దలేను."

మేడం నడుముకున్న తాళాలగుత్తి తీసి బీరువా తెరిచింది. కవర్ల కట్ట విప్పి, పద్నాలుగోది లాగి, ఫారం పక్కన పెట్టింది. గోధుమరంగు కవరు, మూతి మీద లక్క. యూనివర్సిటీ చిరునామా నీలం సిరాతో గుండ్రంగా, పొడుగ్గా రాసి ఉంది. పంపినవాళ్ళ పేరు ఉండే చోట ఆఫీసువాళ్ళు అంటించిన నల్ల కాగితం ఉంది.

"దీన్ని మీరు ముట్టుకోకూడదు. ఫారం మీద నేను ముద్ర వేస్తే ఇది కమిటీకి వెళ్తుంది. మీ థీసిస్ మీకు తిరిగిచ్చేస్తాను. ముద్ర పడేదాకా మనసు మార్చుకోవచ్చు, పడ్డాక కుదరదు. నాలుగింటిదాకా టైముంది," అంది మేడం. ముద్ర తీసుకుని సిరా దిండు మీద అద్దింది.

"వెయ్యండి మేడం."

"అమ్మా, ఒక్క నిమిషం."

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. ఆయన కూతురి వైపు చూడటం లేదు, మేడం వైపూ చూడటం లేదు. టేబులు మీద కవరుని, దాని మీద గుండ్రటి అక్షరాలని చూస్తున్నాడు. మేడం చేతిలో ముద్ర గాల్లోనే ఆగింది.

"కమిటీ దాకా ఎందుకు బుజ్జీ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అడ్రసులు కావాలి నాన్నా అని నువ్వడిగినప్పుడు నా డైరీలో ఉన్నవి ఇరవై తొమ్మిదే. ముప్ఫయ్యోది డైరీ చూడకుండానే రాశాను."